అరకు కొండల్లో పొగ ఎన్ని రకాలు?

వంజంగి మీద తెల్లవారుజామున తీసిన ఫొటోల కింద మనవాళ్లు పెట్టే క్యాప్షన్లు ఎప్పుడైనా గమనించారా? ‘మేఘాలు’ అంటాడొకడు. ‘మంచు’ అంటుందొకమ్మాయి. ‘పొగమంచు’ అంటాడు ఇంకొకడు. ఫొటో మాత్రం ఒకటే. పాడేరు దగ్గర ఆ కొండ మీద నిలబడితే ముగ్గురూ కరెక్టే అనిపిస్తుంది. నాకు మాత్రం మూడో మాటే నచ్చుతుంది. చూడ్డానికి పొగ, ఒంటికి తగిలితే మంచు. నిజానికి రెండూ కాదు గానీ, ఇద్దరి పేర్లూ పెట్టేసుకుంది.

తెలుగులో ‘పొగ’ చాలా చాకిరీ చేసే మాట. పొయ్యి మీంచి లేచేదీ పొగే, చుట్ట కొసన లేచేదీ పొగే. కాఫీ కప్పులోంచి వచ్చేది ఆవిరే అయినా ‘పొగలు కక్కే కాఫీ’ అనే అంటాం. పొగని పీల్చం, ‘తాగుతాం’. ఎవణ్నయినా ఉన్న చోటి నుంచి మెల్లగా వెళ్లగొట్టాలంటే ‘పొగబెడతాం’. ఈ అర్థాలన్నీ ఒకే ప్రయాణంలో కనపడాలంటే మాత్రం అరకు వెళ్లాల్సిందే. నేను రెండుసార్లు వెళ్లాను. డిసెంబరులో రైల్లో, ఏప్రిల్లో బైకు మీద. రెండూ రెండు వేరే ఊళ్లలా ఉన్నాయి.

మా అమ్మమ్మ చివరిదాకా రైలుని పొగబండి అనే పిలిచింది. విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది గానీ, ఇప్పుడంతా కరెంటు ఇంజన్లే. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి, అక్కణ్నుంచి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మనం ఎక్కే అద్దాల బోగీ మొన్న మొన్న, 2017లో వచ్చింది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ బోగీ కేకలేస్తుంది. శిమిలిగుడ దగ్గరికొచ్చేసరికి 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిట్లోకీ ఎత్తైందని పేరు. కిటికీ అద్దం మీద తెల్లగా పట్టేసింది. పక్క సీట్లో అరకు వెళ్తున్న ముసలావిడని ‘ఏంటమ్మా ఇంత పొగ?’ అని అడిగాను. “పొగేటి బాబూ, మంచది. పొగయితే కళ్లు మండవా?” అంది. ఇంతకన్నా మంచి నిర్వచనం డిక్షనరీలో కూడా దొరకదు.

అరకులో సాయంత్రమైతే రోడ్డు పక్కంతా బొంగు చికెన్ పొగ. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతుంటారు. నూనె చుక్క ఉండదు. తమాషా ఏంటంటే, పొగ బయటే ఉంటుంది, లోపల ముక్క ఉడికేది పచ్చి వెదురులోని తడీ, మాంసంలోని తడీ పుట్టించిన ఆవిరికి. బొంగు బయట బొగ్గయ్యేసరికి లోపల కూర తయారు. రీల్స్ కోసం బొంగుని పగలగొట్టి పొగతో సహా చూపిస్తారు కదా, అది కూడా ఆవిరే!

ఆ పొగ చుట్టూ ఇంకో పొగ గురించి గుసగుసలు వినపడతాయి. నేను టీ తాగుతుంటే మన వయసు కుర్రాళ్లు ముగ్గురు వచ్చి, “అన్నా, సరుకేమైనా దొరుకుద్దా?” అని కొట్టు అతన్ని అడిగారు. అతని మొహంలో నవ్వు పోయింది. “టీ దొరుకుతాది” అన్నాడు, అంతే. అతని కోపం వెనక లెక్కుంది. ఇరవై కిలోలు దాటిన గంజాయితో దొరికితే కనీసం పదేళ్ల జైలు. పెట్టుబడి పెట్టేవాడు ఎక్కడో నగరంలో ఉంటాడు. మూట మోస్తూ దొరికిపోయేది ఎక్కువగా కొండ మీది కుర్రాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. వీడియో అందరం చూశాం, ఫార్వర్డ్ చేశాం. ఆ కుప్ప వెనక ఎన్ని ఇళ్ల కుర్రాళ్లు జైళ్లలో ఉన్నారో అందులో కనపడదు. వీకెండ్‌కి వచ్చి ‘సరుకు’ అడిగే ముందు ఆ ఇళ్లని ఒక్కసారి తలుచుకోవడం మంచిది.

ఏప్రిల్ ప్రయాణం ఎస్.కోట నుంచి. ఘాట్ ఎక్కే ముందు ఆగిన చోట ఒక పెద్దావిడ చింతపండు గింజలు తీస్తూ కూచుంది. నోట్లోంచి పొగ వస్తోంది, చుట్ట మాత్రం కనపడదు. కాసేపటికి అర్థమైంది. నిప్పున్న కొస లోపలుంది. ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు, ఎక్కువగా ఆడవాళ్లే తాగుతారు. (బొంగు మూతికి బిగించే అడ్డాకుకీ దీనికీ సంబంధం లేదులెండి.) కాలదా అమ్మా అంటే, “అలవాటయిపోనాది బాబూ. గాలికి ఆరిపోదు, సేతులు కాళీగుంటాయి” అంది. పొలంలో నాట్లేసే చేతులకి, సముద్రం ఒడ్డున చేపలెత్తే చేతులకి చుట్ట పట్టుకునే తీరిక ఎక్కడిది? కానీ నిప్పు నేరుగా అంగిలికి తగులుతుంది. 1971లోనే పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరిశీలించి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించీ క్యాన్సర్ గురించీ రాశారు. అరవై ఏళ్ల ఆవిణ్ని చూసి ‘వావ్’ అంటూ వీడియో తీసేవాళ్లు అక్కడ ఇద్దరున్నారు. మీ నాయనమ్మో అమ్మమ్మో ఇలా తాగుతుంటే వీడియో తీసే బదులు ఒకసారి నోరు తెరిపించి డాక్టరుకి చూపించండి.

అసలు పొగ ఘాట్ పైన ఉంది. చలికాలం టూరిస్టులకి ఇది కనపడదు. అనంతగిరి దాటుతుంటే ఎదుటి వాలు మీద నాలుగైదు చోట్ల బూడిద రంగు పొగ నిలువుగా లేస్తోంది. అది పోడు. వాలు మీద పొదలూ చిన్న చెట్లూ కొట్టి, ఎండనిచ్చి, వేసవిలో అంటిస్తారు. తొలకరికి ఆ బూడిదలోనే సామలు, చోళ్లు, కందులు చల్లుతారు. ఆ ఏటవాలు మీద నాగలి నిలవదు కాబట్టి నాగలి గొడవే లేదు. కొన్నేళ్లకి నేలని వదిలేసి ఇంకో వాలుకి పోతారు, వదిలేసిన చోట అడవి మళ్లీ లేస్తుంది. కొండలు ఎక్కువగా, మనుషులు తక్కువగా ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి బాగానే నడిచింది. ఇప్పుడు నేలకి దొరికే విశ్రాంతి తగ్గింది. తొలి వానకే మట్టి గెడ్డల్లోకి దిగిపోతోంది. దీన్ని పోడు చేసేవాళ్లకి మనం చెప్పక్కర్లేదు, మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

అయితే పొగ వాళ్లు పెట్టారని మాత్రమే అనుకుంటే సగం కథే. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండల మీద రిజర్వు గీతలు పడ్డాయి. తాతల నాటి పోడు రాత్రికి రాత్రి నేరమైంది. ఆ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ కలిసి రగిలి రగిలి, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడేదాకా వచ్చింది. నూరేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్లో, ఈ కొండలన్నీ కలిపి ఆయన పేరుతోనే జిల్లా చేశారు.

పొగబెట్టడం మాత్రం అప్పటితో ఆగలేదు. బొర్రా గుహల టికెట్ క్యూలో నిలబడ్డవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ చుట్టుపక్కల గనుల లీజుల మీదే ‘సమత’ అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని 1997లో తీర్పొచ్చింది. దేశంలో ఎక్కడ గిరిజన భూమి మీద తగాదా వచ్చినా లాయర్లు ఇప్పటికీ ఆ తీర్పు తీస్తారు. ఇక 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకి ఆ భూమి మీద హక్కు పత్రం ఇవ్వాలి. కాగితం ఉంటే రైతు, లేకపోతే ఆక్రమణదారు. వాలు అదే, మనిషి అతనే.

గాలికొండ దగ్గర కాఫీ తాగడానికి ఆగాను. 2017లో పారిస్‌లో కొట్టు తెరుచుకుని, 2019లో జీఐ ట్యాగ్ తెచ్చుకున్న అరకు అరబికా ఇదే. పాతిక రూపాయలకి స్టీలు గ్లాసులో వచ్చింది, పైన పొగలు. గ్లాసు ఇచ్చినతను వెనక ఉన్న తోటని చూపించాడు. సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకిన మిరియం తీగ, కింద కాఫీ మొక్కలు. “మా నాన్న టైములో ఇదంతా పోడే. కాఫీ వేశాక మూడు నాలుగేళ్లు చేతికి ఏమీ రాలేదు. ఇప్పుడు పరవాలేదు.” ఇంకేం, హాయి కదా అంటే తల అడ్డంగా ఊపాడు. “ఏప్రిలొస్తే నిద్దరుండదు. ఎక్కడ పొగ లేచినా ముందు గాలి ఎటేపుందో చూస్తాను. ఒక్క నిప్పురవ్వ ఇటొస్తే పదేళ్ల తోట పోద్ది.”

లోయకి అవతల లేస్తున్న పొగ చూపించి, అది ఎవరి పోడని అడిగాను.

“మా బావది. ఆడూ కాఫీ వేద్దుననే అంటాడు. కాగితం ఇంకా రాలేదు. ఇయ్యేళ ఉన్న నేల రేపు ఉంటాదో ఉండదో తెలీకుండా నాలుగేళ్లు ఎవడు ఆగుతాడు?” అన్నాడు, గాలి ఎటుందో చూస్తూ.