సొంతయింటి ప్రయత్నము

పండ్రెండేండ్లలో దిలుసుఖ్‌నగరున మూడు అద్దెయిండ్లు మారితిమి. మారిన ప్రతిమాటును మా యత్తగారి తులసికుండ పగులుచునే వచ్చినది. మూడవది పగిలిననాడు ఆమె "ఈసారి మన గుమ్మములోనే నాటుకొందము లేమ్మా" అని నవ్వుచు ననిరి. ఆ మాట మాకు నవ్వులాటగా దోపలేదు. మా యింటివారు ఉపాధ్యాయులు. జీతము తప్ప వేరాదాయము లేదు. అయినను గత శ్రావణమున ఇంటికై వెదకుట మొదలిడితిమి.

మొదటనే లెక్క తప్పితిమి. ఏబది లక్షల యింటికి నూటికి ఎనుబది వంతున బ్యాంకువారు అప్పిత్తురు, తక్కిన పదిలక్షలు మనవి యైన జాలునని తలచితిమి. రిజిస్ట్రేషను ఖర్చునకు ఆ యప్పు రాదని బ్యాంకునకు బోయిన పిదపగాని తెలియలేదు. తెలంగాణమున 2021 జూలై నుండి స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి నూటికి 7.5 రూపాయలు. ఏబది లక్షలకు 3,75,000. అనగా చేత నుండవలసినది 13,75,000. మేము పండ్రెండేండ్లు కూడబెట్టినది తొమ్మిది లక్షలు! ఆ రాత్రి పుట్టినింటివారు పెట్టిన కాసులపేరు పెట్టెలోనుండి తీసి, కాసులు లెక్కించుకొని, మరల నందే పెట్టితిమి.

సరూరునగరు చెరువునకు దిగువవీధిలో ఒక యిల్లు నలువది లక్షలకే వచ్చుచున్నదని మధ్యవర్తి గొనిపోయెను. క్రిందియంతస్తు, క్రొత్త రంగులు, వంటగదికి మంచి వెలుతురు. "ఇంత చవుక మరల దొరకదు సారూ, రేపే లక్ష బయానా యిండు" అని తొందరపెట్టెను. మా యింటివారు మెత్తబడిరి. మేము మెట్లప్రక్కకు బోయి చూడగా, రంగు వేయని గోడమీద నడుమెత్తున మట్టిచార యొకటి కనబడెను. ఎదురింటిలో మిరపకాయలు ఎండబోయుచున్న యామె నడిగితిమి. "ఇరవైల అక్టోబరుల నీళ్లు గీడిదాక వచ్చినయక్కా. బియ్యం డబ్బలన్నీ తేలినయి" అని ఆమె చేయి నడుముమీద నుంచి చూపెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల మహావర్షమున చెరువు పొంగి దిగువ కాలనీలు మునిగిన సంగతి మనమెల్లరము ఎరిగినదే. ఎరిగియు ఇల్లు చూచునప్పుడు మాకు జ్ఞప్తికి రాలేదు! పైగా 2024లో హైడ్రా యేర్పడిన పిమ్మట, చెరువు నిండునీటి హద్దులోపలి కట్టడముల గతి యేమగుచున్నదో చూచుచునే యున్నారము. చిన్ననాడు తాతగారియొద్ద భారతము చదువునపుడు, లక్కయింటి సంగతిని విదురుడు ముందుగా తెలుపుట గొప్పగా దోచెడిది. మాకు మిరపకాయలు ఎండబోయునామెయే విదురుడాయెను.

పిదప ఎల్.బి. నగరు వైపు చూచితిమి. మా యింటివారి పాఠశాల మలక్‌పేటలో నుండుటచేత 2018 నుండి అక్కడికి నడచుచున్న మెట్రో మాకు మిక్కిలి అనుకూలము. ఆ ప్రాంతమున నేలకథ వేరు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను నిషేధపట్టికలో జేరి, ఇండ్లు కట్టుకొనియు అమ్ముకొనజాలక యేండ్లు గడపిన కాలనీలు అచట గలవు. వానిని క్రమబద్ధము చేయుటకై 2022లో 118వ నంబరు ఉత్తరువు వచ్చినది. కావున గదులు చూడకమునుపే సర్వే నంబరు అడిగి పట్టికలో వెదకితిమి. లేదు. ప్రాణము కుదుటబడినది.

ఆ ఫ్లాటు 1200 చదరపుటడుగులని యజమాని చెప్పెను. కుట్టుపెట్టెలోని టేపుతో మేమును మా అబ్బాయియు గోడగోడకు గొలిచితిమి. 860! తక్కినదంతయు మెట్లు, నడవలు, బాల్కనీ మొదలగునవట. తరగతిలో వైశాల్యములు బోధించు మా యింటివారు టేపు చూచి తలగోకికొనిరి. 2016 నాటి రెరా చట్టము కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనము నిచ్చినది: లోపలి అడ్డుగోడలు చేరును, బాల్కనీ చేరదు. కొనువారు ఈ యొక్క మాట పట్టుకొన్న జాలును, బేరము వేరుగా నడచును. మాకు ఏబది నుండి నలువదియెనిమిదికి దిగినది.

అయినను బయానా యీయలేదు. ముప్పది యేండ్ల ఈ.సీ. తీయించగా, 2014లో తాకట్టు నమోదైయున్నది. విడుదల నమోదు లేదు. "అప్పు ఎప్పుడో తీర్చితిని, నామాట నమ్మరా?" యని యజమాని కినుక వహించెను. నమ్మితిమి, కాగితము గూడ కావలెనంటిమి. మధ్యవర్తి మమ్ము చాదస్తులని వీధిలో జెప్పుకొనెనట. రెండు నెలలకు విడుదల పత్రము వచ్చినది.

ఇప్పుడు 9,60,000 మావంతు, 3,60,000 సుంకములు, వెరసి 13,20,000. కొరతకు కొంత భవిష్యనిధినుండి తీసికొంటిమి. కాసులపేరులో సగము కాసులు పోయినవి. తక్కినవానిని దగ్గరకు గ్రుచ్చి పొట్టిహారము చేయించితిమి. మెడకు బిగుతుగానే యున్నది.

వచ్చు మాఘమున రిజిస్ట్రేషను. మొన్న అత్తగారిని మెట్రోలో గొనిపోయి ఇల్లు చూపితిమి. వంటగది చూడలేదు, గదులు చూడలేదు, తిన్నగా బాల్కనీకి బోయి, "పడమటి మొగము. తులసికి ఉదయపుటెండ యేదీ?" యనిరి. పిమ్మట తూర్పు గదికి బోయి, కిటికీగట్టును జానలతో గొలిచి, "కుండ పట్టును. చిన్నది కొనుడు" అనిరి.