పెట్టెకు పట్టినంత పండగ

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఎవరింటికైనా వెళ్లి కూర్చుంటే, మంచినీళ్ల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "మీ వాడెక్కడ?" అనే. ఇక్కడే అని చెప్తే కాస్త జాలిగా చూస్తారు. అపార్ట్‌మెంట్లుగా మారిన పాత బంగళాల్లో రిటైరైన దంపతులు, గోడమీద కాన్వొకేషన్ ఫొటోలు. అందుకే కాబోలు, ఈ సందుల్లో స్వగృహ ఫుడ్స్ దుకాణాల బోర్డులమీద కారప్పూసతో పాటు "అన్ని దేశాలకూ కొరియర్" అన్న మాట కూడా ఉంటుంది. అలాంటి ఒక దుకాణం వంటశాల చూడటానికి డిసెంబరు చివరివారంలో వెళ్లాను. సంక్రాంతికి అమెరికా చేరాల్సిన పెట్టెలు కట్టేది అప్పుడే.

ముందు గదిలో కౌంటరు, వెనక పొయ్యిలు. కార్లు పెట్టుకోవాల్సిన చోట ప్యాకింగు. పొయ్యిల గదికి ఇవతల నేలమీద తెల్లగుడ్డలు పరిచి, జనగామ వైపునుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సకినాలు చుడుతున్నారు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము. పిడికిట్లోంచి పిండి సన్నగా జారుతుంటే బొటనవేలు, చూపుడువేలు దాన్ని మెలిపెడుతూనే ఉంటాయి, చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మూడు నాలుగు చుట్లు అయ్యాక కొసను లోపలి చుట్టుకు అంటించి, రెండోదానికి వెళ్లిపోతారు. గుడ్డ తడి పీల్చుకున్నాక పల్చటి రేకుతో లేపి నూనెలో వేస్తారు. "ఎయ్యంగనే కదిలియ్యొద్దు సార్, ఇరుగుతది" అంది పెద్దామె తలెత్తకుండానే. ఇన్ని వేల మైళ్లు పోయేవాటికి ఇరగడం గురించి అక్కడే మొదలైంది జాగ్రత్త.

అరిసెల పొయ్యి దగ్గర యజమానురాలే నిలబడింది. గోదావరి జిల్లా మనిషి, పెళ్లయి సికింద్రాబాద్ వచ్చింది. బెల్లం పాకం చుక్కను పళ్లెంలో నీళ్లలోకి వదిలి, వేళ్లతో దగ్గరికి తీసి ఉండ చేసి చూసింది. "ఇక్కడ తినేవాటికి లేతపాకం తీస్తామండి. ఊరు దాటేవాటికి కొంచెం ముదురు." వేగిన అరిసెను చెక్కల మధ్య నొక్కడం కూడా రెండు రకాలట. విదేశం వెళ్లేదాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కుతారు, లేకపోతే మిగిలిన నూనె కవరులోకి దిగుతుంది. అలా నొక్కినవాటిలో ఒకటి తిన్నాను. మా ఇంట్లో అయితే "పాకం ముదిరింది" అని వంక పెట్టేవాళ్లం. అమెరికాలో పెట్టరు.

కౌంటరు దగ్గర ఒకావిడ ఫోనులో జాబితా చదువుతోంది. కొడుకు డాలస్ దగ్గర ఎం.ఎస్. చేస్తున్నాడు. గదిలో నలుగురు: ఈ అబ్బాయి, నరసరావుపేటవాడొకడు, కరీంనగర్‌వాడొకడు, మదురై అబ్బాయొకడు. జాబితాలో అరిసెలు, సకినాలు, మురుకులు, కంది పొడి, గోంగూర పచ్చడి, పులిహోర పులుసు. "మా ఇంట్లో సకినాలు ఎన్నడూ చెయ్యలేదండీ" అంది ఆవిడ. "ఆ కరీంనగర్ పిల్లాడికోసం. వాళ్లమ్మ పోయినసారి మావాడికి ఆవకాయ పంపింది." ఇక్కడ ఏ ఇంటి పిండివంట ఆ ఇంటిదే. అక్కడ నాలుగు జిల్లాల పండగ ఒకే బల్లమీద తినాలి కనుక, మారేడ్‌పల్లి తల్లి తనకు చేతకాని వంటను కొనుక్కుని మరీ పంపుతోంది. రాష్ట్రాలు విడిపోయాక సకినం, అరిసె ఇంత సఖ్యంగా ఉన్నది ఈ అట్టపెట్టెల్లోనే అనిపించింది.

ఈ పండగ భోజనం అసలు ఎవరికోసమో ఆవిడే చెప్పింది. నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ సెలవులకి యూనివర్సిటీ ఖాళీ అయిపోతే, క్లాసులో ఒక అమెరికన్ అబ్బాయి ఈ నలుగుర్నీ వాళ్లింటికి తీసుకెళ్లి పెద్ద విందు పెట్టాడట. "మావాడు టర్కీ తినడు, బంగాళాదుంప ముద్ద, గుమ్మడికాయ పై తిని వచ్చాడట" అని నవ్వింది. ఒకరింట పసుపు కుంకుమ అందుకున్నాక మన ఇంటికి పిలవకుండా ఊరుకుంటామా? జనవరి 14న క్లాసులుంటాయి గనక ఆ తర్వాతి శనివారం సంక్రాంతి చేసి, ఆ అబ్బాయినీ ఇంకొందర్నీ పిలుస్తున్నారు.

ఆ శనివారం విస్తట్లో ఏముంటుందో నిర్ణయించేది సంప్రదాయం ఒక్కటే కాదు. బొబ్బట్లు ప్రయాణానికి నిలవవు. గారెలకి పప్పు రుబ్బాలి, ఇక్కడి మిక్సీ అక్కడి 120 వోల్టుల కరెంటుకి సరిగ్గా తిరగదు. ముందుచూపున్నవాళ్లు 110 వోల్టుల మిక్సీ కొని తీసుకెళ్తారు. పులిహోరకి ఆ బాధ లేదు: పులుసు సీసాలో వెళ్తుంది, అన్నం కుక్కర్‌లో ఉడుకుతుంది, పోపు వెయ్యడం ఫోనులో అమ్మ నేర్పుతుంది. పరాయిదేశంలో మన పండగలన్నీ పులిహోర పండగలు కావడంలో వింతేమీ లేదు.

ప్యాకింగు గోడమీద స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం ఉంది. చదివినకొద్దీ అదొక భూగోళ పాఠం. పచ్చి కరివేపాకు అమెరికాకు వద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దానిమీద బతుకుతుంది. మాంసం పచ్చళ్లూ వద్దు. పాలకోవా ఆస్ట్రేలియాకు వద్దు. పశువుల గాలికుంటు రోగమంటే వాళ్లకు హడల్. గసగసాలు పడినదేదీ దుబాయ్‌కి వద్దు. అక్కడ అవి మత్తుపదార్థాల లెక్కలోకి వస్తాయి.

ఆ కాగితం కన్నా 2025 ఎక్కువ ఇబ్బంది పెట్టిందని యజమానురాలు చెప్పింది. అమెరికా 800 డాలర్లలోపు పార్శిళ్లకిచ్చే సుంకం మినహాయింపును ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దాంతో మన తపాలా శాఖ ఆ నెలాఖరులోనే అక్కడికి పార్శిళ్లు తీసుకోవడం ఆపి, మళ్లీ అక్టోబరు 15న మొదలుపెట్టింది. మధ్యలో బతుకమ్మ, దసరా వెళ్లిపోయాయి. ప్రైవేటు కొరియర్లు నడిచాయిగానీ ఏ పెట్టెకి ఎంత పడుతుందో ముందుగా చెప్పలేని స్థితి. ఇలా పెట్టెకోసం ఎదురుచూసేవాళ్లు తక్కువేమీ కాదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, 2009 తర్వాత తొలిసారి చైనాను దాటిన సంఖ్య. అందులో మన తెలుగు పిల్లలెందరో ఈ కౌంటరు దగ్గర ఒక గంట నిలబడితే ఊహకి అందుతుంది.

ఈలోగా డాలస్ పెట్టె సిద్ధమైంది. సకినాల్ని దొంతర్లుగా పేర్చి, నిలువుగా నిలబెట్టి, చుట్టూ బబుల్ కవరు. తూకంలో ఆరు కిలోలు. కొరియర్ కుర్రాడు టేపు తీసి కొలిచాడు: 45, 35, 30 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగించి, తొమ్మిదిన్నర కిలోలకి బిల్లు వేస్తానన్నాడు. విమానంలో చోటుకీ డబ్బు కట్టాలి, ఆ చోటంతా తినేది సకినాలే.

"సకినాలు తీసేస్తే చిన్న పెట్టెలో సరిపోద్ది మేడమ్."

ఆ తల్లి ఒక నిమిషం లెక్క చూసుకుంది. "అవెందుకు తీస్తావు నాయనా? మురుకులు తియ్యి. మదురై అబ్బాయికి వాళ్లమ్మ పంపుతుందిలే" అంది. మళ్లీ ఏమనుకుందో, కొడుక్కి ఫోన్ చేసింది, ఆ సంగతి కనుక్కోవడానికి. అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట.