బండి ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది?

డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో పసుపుపచ్చ లైటు వెలిగితే "ఆయన చూసుకుంటారులే" అని ఊరుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. మా ఇంట్లో మాత్రం ఆ లైటు సంగతి తేలడానికి నా పాల లెక్కల పుస్తకం పనికొచ్చింది. అదెలాగో చెప్తాను, మీకూ ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

మాది 2014 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని మా అత్తయ్యగారిని నెలకోసారి రాజమండ్రి నుంచి తుని తీసుకెళ్ళడానికే దాన్ని ఎక్కువగా వాడతాం. తునిలో ఆవిడ అక్కయ్య మంచాన ఉన్నారు. ఆవిడకి వినికిడి లేదు కాబట్టి ఫోనులో మాట్లాడటం కుదరదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేతులు పట్టుకుంటేనే పలకరింపు.

మే నెలలో ఒక మధ్యాహ్నం జగ్గంపేట దాటాక హైవే మీద ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. వెనక లారీ ఉంది. ఇంజన్ ఆగితే స్టీరింగు బిగుసుకున్నట్టవుతుంది, బ్రేకు పెడలు గట్టిపడుతుంది. అలాంటప్పుడు బ్రేకును పదేపదే తొక్కకూడదు. మిగిలిన కాస్త వ్యాక్యూమ్ కూడా అయిపోతుంది. ఒక్కసారే బలంగా తొక్కి పట్టుకోవాలి. మా ఆయన హజార్డ్ లైట్లు వేసి ఎలాగో ఎడమ పక్కకి లాగారు. అరగంట తర్వాత, ఏమీ ఎరగనట్టు స్టార్టయింది! మూడు వారాల్లో అలా మూడుసార్లయింది. మూడోసారి నడుపుతున్నది నేనే.

"నన్నిక ఎక్కడికీ తీసుకెళ్ళకండమ్మా. అక్కయ్యని తలుచుకుంటూ ఇంట్లోనే ఉంటాను" అన్నారు అత్తయ్యగారు.

మొదట చూపించిన షెడ్డులో స్కానరు పెట్టకుండానే డీజిల్ పంపు పోయిందన్నారు. 45 వేలవుతుందన్నారు. ఇంకో మాట విందామని మా ఆయనతో అన్నాను.

పిల్లలకి జ్వరమొస్తే ఏ గంటకి ఎంత ఉందో రాసుకుంటాం కదా, బండికీ అలాగే రాశాను. పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో ఎంతసేపు నడిచాక ఆగింది, ఎండ ఎలా ఉంది, ట్యాంకులో డీజిల్ ఎంత, మళ్ళీ ఎప్పుడు స్టార్టయింది అన్నీ ఉన్నాయి. మూడుసార్లూ గంటసేపు నడిచాకే ఆగింది, మూడుసార్లూ ఎండలోనే. పాతిక నిమిషాలు, అరగంట చల్లారాక స్టార్టయింది. ట్యాంకు ఒకసారి నిండుగా, మిగతా రెండుసార్లు సగానికి ఉంది. పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళొస్తే ఒక్కనాడూ ఆగలేదు.

మా వీధి చివర మెకానిక్ కుర్రాడు ఆ పేజీ చదివి ఒకటే అడిగాడు. "అమ్మా, ఆగాక తాళం తిప్పి సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదిలిందా?"

"లేదు బాబూ, సున్నా మీదే ఉంది."

"డీజిల్ అందకపోతే బండి మామూలుగా ముక్కుతూ మూలుగుతూ ఆగుతుందమ్మా. ఇది స్విచ్చి కట్టేసినట్టు ఆగుతోంది. క్రాంక్ సెన్సార్ చూద్దాం."

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలిస్తే పి0335 అని కోడ్ వచ్చింది. లైటు ఆరిపోయినా కోడ్ మెమరీలో ఉండిపోతుందట.

ఆ సెన్సార్ పని అతను చెప్తే తేలిగ్గానే అర్థమైంది. ఇంజన్‌తో పాటు ఒక పళ్ళచక్రం తిరుగుతుంటుంది. చాలా బండ్లలో 60 పళ్ళ చోట 58 ఉంటాయి. ఆ రెండు పళ్ళ ఖాళీ ఎదురుగా వచ్చినప్పుడల్లా ఇంజన్ ఏ స్థితిలో ఉందో సెన్సార్ ద్వారా బండి కంప్యూటర్‌కి తెలుస్తుంది. దాన్నిబట్టే ఏ క్షణంలో డీజిల్ చల్లాలో అది లెక్కేస్తుంది. ఆ కబురు ఆగిపోతే డీజిల్ చల్లడమూ ఆపేస్తుంది. పంపు బాగానే ఉన్నా బండి కదలదు.

కోడ్ వచ్చింది కదా, సెన్సార్ మార్చేద్దామా అన్నారు మా ఆయన. "ఆగండి సార్" అన్నాడు కుర్రాడు. పి0335 అంటే ఆ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం ఉందని మాత్రమే. వైరు తెగినా, కప్లర్ వదులైనా అదే కోడ్ రావచ్చు. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

వైరింగూ కప్లరూ చూశాడు, బాగున్నాయి. సెన్సార్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 900 ఓమ్‌ల దగ్గర చూపించింది. వేడిలో చూడాలంటే, మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ తెచ్చిచ్చాను. కాసేపు వేడిగాలి కొట్టగానే అంకె మాయమై, తీగ తెగినట్టు చూపించింది. చల్లారాక అంకె మళ్ళీ వచ్చింది. లోపలి తీగ వేడికి విడిపోతోంది, చల్లారితే అతుక్కుంటోంది. నా పుస్తకంలో ఉన్నదీ అదే కదా! ఈ పరీక్ష రెండు వైర్ల కాయిల్ రకానికే పనికొస్తుంది. మూడు వైర్ల హాల్ రకాన్ని ఓమ్‌లతో తేల్చలేరు.

పాతదాని మీదున్న పార్టు నంబరు సరిచూసి కొత్తది తెచ్చాడు. ఒకే బోల్టు, చిన్న రబ్బరు రింగు, ఒక కప్లర్. వైరు సైలెన్సర్ పైపుకి తగలకుండా కట్టి, కోడ్ చెరిపేశాడు. కూలితో కలిపి 2,300 రూపాయలు.

అత్తయ్యగారిని వెంటనే ఎక్కమనలేదు. రెండు మధ్యాహ్నాలు, మంచి ఎండలో, మేమిద్దరమే రెండేసి గంటలు తిప్పాం. ఆగలేదు, కోడ్ రాలేదు. ఆ సంగతి చెప్పాకే ఆవిడ చీర మార్చుకున్నారు. తునిలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ పూటంతా చేతులు వదల్లేదు.

మీ బండి మొరాయిస్తే ఏ పార్టు పోయిందో మీకు తెలియక్కర్లేదు. ఎప్పుడు, ఎంతసేపటికి, ఎండా వానా, ఎలా ఆగింది, ఎలా స్టార్టయింది, ముల్లు కదిలిందా అన్నవి రాసిపెట్టుకోండి. మెకానిక్‌ని రెండు మాటలడగండి. "కోడ్ ఏమొచ్చింది? ఈ పార్టే పోయిందని ఎలా తేల్చావు బాబూ?" పని తెలిసినవాడు విసుక్కోడు, చూపిస్తాడు.