జాతర బండి సర్దుకుందాం రండ్రి

మంట దగ్గరికి జర జరుగుండ్రి. మాఘం వచ్చిందంటే మా ములుగు దిక్కు పొద్దుగూకినంక చలి బాగుంటది, ముచ్చట్లకు ఇంతకన్నా మంచి కాలం లేదు. ఇయ్యాల బండి సర్దుకునుడు గురించి మాట్లాడుకుందం.

ఇల్లు లాంటి బండి అనంగనే సినిమావాళ్ల కేరవాన్లు యాదికొస్తయి. కేరళ సర్కారు 2021లో కేరవాన్ టూరిజం మొదలుపెట్టింది. అమెరికాలో ఉన్న మనోళ్లు సెలవులొస్తే ఆర్వీ కిరాయికి తీసుకొని పిల్లాజెల్లతోని ఎల్లోస్టోన్ పార్కుకు పోయి వస్తరు. వంటగది, పరుపు, స్నానాలగది అన్నీ అందులనే. కానీ బండ్లనే పండుకొని, బండి పక్కన్నే పొయ్యి పెట్టుకొని రోజుల తరబడి సంసారం నడుపుడు మనకు కొత్త కాదు. రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు మేడారం తొవ్వ పట్టే ప్రతి ట్రాక్టరు, ప్రతి డీసీఎం, ప్రతి ఎడ్లబండి ఆ నాలుగొద్దులు ఇల్లే. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. ఆ ఇంటిని మంచిగ సర్దుకున్నోళ్లు అమ్మల దర్శనం కండ్లనిండా చేసుకొని వస్తరు. సర్దుకోనోళ్లకు సగం జాతర మూటలు విప్పుకుంట కట్టుకుంటనే గడుస్తది.

ఒక్క మాట ముందే చెప్తున్న. సరుకుల బండ్ల మనుషులను ఎక్కియ్యద్దని చట్టం ఉన్నది, అది మన పాణాల కోసమే ఉన్నది. ముసలోళ్లను, పిల్లలను, బాలింతలను ఆర్టీసీ బస్సు ఎక్కించి, సామాన్లను బండి మీద పంపే ఇండ్లు కొన్ని ఉన్నయి. నాకు నచ్చిన పద్ధతి అదే. బస్సు అమ్మల గద్దెలకు దగ్గర్లో దించుతది, సొంత బండ్లు దూరం ఆగాలె. రాత్రి నడిచే ట్రాలీకి వెనక రేడియం స్టిక్కరు లేకుంటే అసలు ఇల్లు కదలొద్దు.

ఇగ సర్దుడు. అన్నిటికన్నా ముందు బరువు సంగతి. రెండు చక్రాల ట్రాలీకి ఇరుసు ఎక్కడున్నదో చూసుకోండ్రి, బరువంతా దాని మీదికి, దానికి కొంచెం ముందుకు రావాలె. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోస్తే రెండు క్వింటాళ్లు. ఆ డ్రమ్మును తీస్కపోయి వెనక తలుపు కాడ పెడితే ట్రాలీ తోక ఊపుతది. పూర్తిగ ముందలికి నెడితే హుక్కు మీద బరువెక్కి, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలుతయి. ఇంకో సంగతి, సగం నింపిన డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే చెడ్డది, మూలమలుపుల కాడ నీళ్లు ఒక్కదిక్కు కొట్టుకొని బండిని గుంజుతయి. నింపితే మూతి దాకా నింపుండ్రి, లేకుంటే ఖాళీగ తీస్కపోయి అక్కడ పట్టుకోండ్రి.

కింద పరిచేది వరిగడ్డి. మన పెద్దోళ్లు ఎడ్లబండ్ల మీద పోయిన కాలంలో ఆ గడ్డే పరుపు, ఆ గడ్డే ఎడ్లకు మేత. రోజూ ఇంత తీసి ఎడ్లకేస్తుంటే పరుపు పలచబడుకుంట వచ్చేది, తిరుగు ప్రయాణంలో బండి తేలికయ్యేది. అంత పొదుపైన సంసారం నేనెక్కడ చూడలే. ఇప్పుడు ట్రాక్టరు గడ్డి తినదు కాబట్టి జానెడు మందం చాలు. దాని మీద తాటిపత్రి, తాటిపత్రి మీద బొంత. దుప్పట్లను మూట కట్టి మూలకు పడెయ్యకుండ్రి, మడిచి వరుసగ పరిస్తే పగలు కూసునే మెత్త, రాత్రికి కప్పుకునే చద్దరు. గడ్డి ఉన్న బండి కాడ బీడీ ముట్టియ్యద్దు, పొయ్యి పదిహేను ఇరవై అడుగుల దూరం, గాలికి కింది దిక్కు ఉండాలె.

సామాన్లు ఎక్కియ్యాలంటే తొవ్వను తలుచుకోండ్రి. మొదలు ములుగు దాటకముందే గట్టమ్మ తల్లి కాడ ఆగుతం. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అగరుబత్తి చేతి సంచిలో ఉండాలె, డ్రైవరు పక్కన. ఆ కాయ కోసం బియ్యం బస్తా కిందికెళ్లి చెయ్యి పెట్టి దేవులాడుతుంటే వెనక బండ్లన్నీ హారన్లు కొడుతుంటయి. తర్వాత పస్రా, తాడ్వాయి, అంతా అడవి. మేడారం చేరంగనే అందరికి కావలసింది జంపన్నవాగు స్నానం. అంటే తువ్వాల, పొడి బట్టలు, సబ్బు ఒక్కొక్కరికి ఒక్కో చిన్న సంచిలో, వెనక తలుపు పక్కన్నే, అన్నిటికంటే ఆఖర్ల ఎక్కియ్యాలె. స్నానం కాంగనే ఒడిబియ్యం, బంగారం. ఇవి వాటి పక్కన. మొదలు కావలసింది ఆఖర్ల ఎక్కాలె, ఆఖర్ల కావలసింది మొదలు ఎక్కాలె. వంట గిన్నెలు, పప్పులు ముందు దిక్కు.

బంగారం అంటే మనకు బెల్లమే కదా. నిలువెత్తు బంగారం, అంటే తమ బరువంత బెల్లం, మొక్కుకున్నోళ్లకు ఇది పెద్ద పని. ఎండకు బెల్లం చెమట పడతది, గోనె సంచికి అంటుకుంటది, చీమలు తొవ్వ పట్టుకొని వస్తయి. మూతగట్టి ఉన్న స్టీలు డబ్బాలో వేసి, ఆ డబ్బాను నీళ్లు పోసిన తాంబాలంలో నిలబెట్టుండ్రి. బండి నడిచేటప్పుడు నీళ్లు వద్దు, ఆగినంక పోసుకుంటే సాలు. డబ్బా లేనోళ్లు బెల్లం మూటను పై బొంగుకు వేలాడదీసి, ఆ తాడుకు నడుమ వేపనూనె ముంచిన గుడ్డ చుట్టుకోండ్రి.

పై కప్పుకు వెదురు బొంగులు వంచి కట్టి తాటిపత్రి కప్పుతరు. రెండు దిక్కులా కట్టేస్తే లోపల ఊపిర్లకు తెల్లారేసరికి పత్రి లోపలి నుంచి నీళ్లు కారుతయి, బయట మంచు పడ్డట్టే లోపల కూడా తడుస్తరు. గాలి కొట్టే దిక్కు కిందిదాకా కట్టి, వెనక దిక్కు జానెడు సందు విడవాలె. బొంగులకు అడ్డంగ ఒక నైలాన్ తాడు, తాడుకు నాలుగు కొక్కేలు. పాత సిమెంటు సంచిని మంచిగ ఉతికి, దాని మీద పాత ప్యాంట్ల జేబులు కోసి కుట్టి, ట్రాలీ పక్కకు వేలాడదీసిన ఒక ఇంటామెను చూసిన. ఒక జేబులో దువ్వెన, ఒకదాంట్లో గోలీలు, ఒకదాంట్లో అగ్గిపెట్టె పాలిథిన్ కవరులో చుట్టి, ఒకదాంట్లో సూది దారం, పిన్నీసులు. టార్చి జేబు మీద ఎర్ర దారంతోని గుర్తు కుట్టింది. ఇంటిల్లిపాదికి ఆ గుర్తు తెలుసు. నడిరాత్రి ఎవరు లేచినా ఇంకొకరిని లేపకుండ చెయ్యి పెట్టి తీసుకునుడే. నాలుగు పైసలు ఖర్చు లేని పని, ఎంత సుఖమో!

నీళ్ల దగ్గర మాత్రం నిదానించాలె. అమెరికా ఆర్వీల కింద మూడు ట్యాంకులుంటయి: మంచినీళ్లకు ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్లకు ఒకటి, దొడ్డిదానికి ఒకటి. నిండినంక వాటిని ఎక్కడపడితే అక్కడ ఇడువరు, దానికని కట్టిన జాగకు పోయి ఇడుస్తరు. మనకు ట్యాంకులు లేకున్నా ఆ విడదీసుడు కావాలె. తాగే నీళ్లకు నల్లా ఉన్న క్యాను, అందులో చెంబు ముంచేది లేదు, చెయ్యి పెట్టేది లేదు. దాని మెడకు తెల్ల గుడ్డ కట్టుండ్రి. వంట నీళ్లకు ఇంకోటి, కడుక్కునే నీళ్లకు డ్రమ్ము. క్లోరిన్ బిళ్ల వేసుకుంటే ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకే వేసి, అరగంట ఆగి తాగాలె. డ్రమ్ము ఏదో కూడా చూసుకోండ్రి. పురుగుమందు తెచ్చిన డబ్బాను ఎన్నిసార్లు కడిగినా తాగే నీళ్లకు, వంట నీళ్లకు, ఆఖరికి మొఖం కడుక్కునుడుకు కూడా పెట్టొద్దు.

వంట సామాన్లకు నేను చెప్పేది ఒక్కటే పద్ధతి, పూటకో మూట. ఇంటికాడనే కూసొని, ఏ పూటకు ఎన్ని బియ్యం, ఎంత పప్పు, ఎంత కారం, ఉప్పు, చింతపండు అని లెక్కకట్టి, పాత చీరముక్కల్లో మూటలు కట్టుండ్రి. బుధవారం రాత్రి మూట, గురువారం పొద్దటి మూట. అక్కడ మూట విప్పితే వంట మొదలు, మూట ఖాళీ అయితే వంట అయినట్టు. కారం డబ్బా మూతలు ఊడి బొంతల మీద పడుడు ఉండదు, అన్నం మిగిలి పారబోసుడు ఉండదు. ఆ గుడ్డముక్కలే మసిగుడ్డలు అయితయి. కట్టెల పొయ్యి మీద పెట్టే గిన్నెలకు అడుగున, చుట్టూ తడి మట్టిని పలచగ పూసి ఎక్కియ్యండ్రి, మసి ఆ మట్టితోనే ఊడొస్తది, తోమే నీళ్లు సగం మిగులుతయి. తినుడుకు మోదుగు విస్తర్లు, అడ్డాకు విస్తర్లు. మన అడవుల ఆకు అది, తిన్నంక మన్నుల కలుస్తది. థర్మోకోల్ పళ్లేలు ఎందుకు కొంటరో నాకు అర్థం కాదు.

గురువారం సంగతి వేరే చెప్పాలె. ఆ పొద్దు సమ్మక్క చిలకలగుట్ట దిగుతది. తల్లి గద్దెకు వచ్చే యాల్లకు బండి కాడికి పోయి మల్ల వచ్చుడు అయ్యే పని కాదు, జనం అంతుంటరు. వంట పొద్దుగాలనే ముగించి, గిన్నెలు తోమి బోర్లించి, ఒక జోలెలో నీళ్ల సీసా, అటుకులు, టార్చి, ఒక శాలువ పెట్టుకోండ్రి. పిల్లల జేబుల్లో ఇంటోళ్ల ఫోన్ నంబరు, బండి నంబరు, బండి ఆగిన పార్కింగు పేరు రాసిన కాగితం ఉండాలె. ట్రాలీ బొంగుకు మీ ఇంటి గుర్తుగ రంగు చీరముక్క జెండా కట్టుండ్రి. వందల బండ్ల మధ్యల మీ బండి ఏదో అది చెప్తది.

వాగు నుంచి వచ్చిన తడి బట్టలను బండ్లకు ఎక్కియ్యకుండ్రి. పిండి, బండి బయట తాడుకు ఆరేసుండ్రి, ఆరనివాటిని యూరియా సంచిలో వేసి బయటి కొక్కేనికి కట్టుండ్రి. కాళ్లకు అంటిన ఇసుకకు ఎక్కే కాడ ఒక గోనెసంచి, ఒక చెంబు నీళ్లు. ఇంత చేస్తే రాత్రి బొంతలో గరగర ఉండదు.

ఇగ చెత్త. ఇది చెప్పేటప్పుడు నాకు గుండె బరువెక్కుతది. సమ్మక్క కొడుకు జంపన్న నేలకొరిగిన వాగు అది, ఆయన పేరుతోనే పిలుచుకుంటం, మొక్కి మునుగుతం. ఆ వాగులోనే ట్రాక్టరు దించి, ఇంజను మీద నీళ్లు కొట్టి, డీజిలు మరకలు వదిలి వస్తే ఎట్ల? కింద ఇంకొకరి తల్లి స్నానం చేస్తుంటది. బండి కడుగుడు ఇంటికాడ బోరు కింద, ఇంకెక్కడ కాదు. ఆ చుట్టూ ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కపారి కూలినయి. అసలే దెబ్బతిన్న అడవి. మనం పారేసిన పాలిథిన్ కవరుకు ఉప్పు, నూనె వాసన ఉంటది, జింకలు, పశువులు కవరుతో సహా మింగుతయి. కోతులకు తొవ్వ పొడుగూత పండ్లు విసిరితే అవి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడతయి.

ట్రాలీ వెనక బయటి దిక్కు రెండు బస్తాలు కట్టుండ్రి. ఒకదాంట్లో ప్లాస్టిక్కు, సీసాలు, ఇంకోదాంట్లో విస్తర్లు, కూరగాయ తొక్కలు. కోడి ఈకలు, పేగులు మూడోది, మూతున్న బకెట్, అడుగున బూడిద, ప్రతిసారి మీదికెళ్లి ఇంత బూడిద. వాసన రాదు, ఈగలు ముసరవు. పంచాయతీవాళ్లు పెట్టిన తొట్టి దొరికితే అందులో వెయ్యండ్రి, అది నిండి ఉంటే మూటగట్టి మన ఊరికి తెచ్చుకుందం. నిండుగ తీస్కపోయిన బండికి ఖాళీ సీసాల బరువు ఒక లెక్కనా! పరుపు గడ్డిని కూడా అక్కడ పొయ్యకుండ్రి. ఇంటికి తెస్తే బర్రెలు తినకున్నా పెంటకుప్పకు పనికొస్తది.

వచ్చినంక ఒక నిద్ర తీసి, తెల్లారి కడుగుడు మొదలుపెట్టుండ్రి. ముందు పొడి చీపురుతోని పూర్తిగ ఊడ్వాలె, ఈకలు, ఇసుక మీద నీళ్లు పోస్తే మూలలకు అంటుకపోతయి. బెల్లం మరక వేడినీళ్లకు కరుగుతది. నెత్తురు మరకకు మాత్రం వేడినీళ్లు పొయ్యద్దు, పోస్తే గట్టిగ పట్టుకుంటది, చల్లనీళ్లు పోసి రుద్దాలె. నీసు వాసనకు కొందరు ఉప్పు చల్లుతరు, ఇనుప ట్రాలీకి అది శత్రువు, తుప్పు పట్టిస్తది. వంటసోడా కలిపిన నీళ్లతోని తోమి, నిమ్మచెక్క రుద్ది, మంచినీళ్లతోని కడిగేస్తే వాసన పోతది. హైడ్రాలిక్ ఉన్న ట్రాలీని లేపి నీళ్లన్నీ దించుండ్రి, కానీ లేపిన ట్రాలీ కిందికి ఎవరినీ పోనియ్యకుండ్రి. తాటిపత్రిని రెండు దిక్కులా ఎండకు ఆరెయ్యాలె. తడిది మడిస్తే బూజు పట్టి, మల్ల జాతరకు విప్పేసరికి చిల్లులే.

కొక్కేలు, తాడు, జేబుల సంచి, నల్లా క్యాను, రేడియం స్టిక్కర్లు ఒక రేకుపెట్టెలో వేసి, ఏమేం తీస్కపోయినం, ఏది అక్కరకు రాలేదు, ఏది తక్కువబడ్డది అని ఒక కాగితం రాసి మూతకు లోపల అతికియ్యండ్రి. పక్కింటోళ్లకు తాటిపత్రి ఎరువిస్తే అది కూడా రాయండ్రి. మల్ల పెద్ద జాతర 2028లో. పెట్టెను అటక ఎక్కియ్యబోయే ముందు టార్చిలో సెల్లులు తీసెయ్యండ్రి, రెండేండ్లు అట్లనే ఉంటే కారి టార్చిని తింటయి.