మన్ను కప్పిన రేవు

అమరావతికి బోయి, కృష్ణలో స్నానమాడి, అమరేశ్వరస్వామిని దర్శించి వచ్చిన సోదరీమణులు మనలో పెక్కుమంది గలరు. ఆ క్షేత్రమునకు పడమట, నడచిపోదగిన దూరముననే, ధరణికోట యను గ్రామము గలదు. దానినిగూడ చూచి వచ్చితిమని చెప్పువారు మాత్రము అరుదు. చూచుటకు అక్కడ గోపురము లేదు, కోనేరు లేదు. పాతకోట మట్టిదిబ్బలు, మిరపచేలు, ప్రత్తిచేలు, వాని నడుమ ఇండ్లు, ఇంతియే. అయినను సాతవాహనుల కాలమున ధాన్యకటక మని పేరొందిన మహానగర మిదియే. ఆ నగరమునకు వచ్చువారు దిగిన చోటు, పోవువారు ఎక్కిన చోటు, నేడు నేలక్రింద నున్నవి. దానిని చూడబోయి, చూడలేకయు తృప్తితో మరలివచ్చిన ముచ్చట నిందు విన్నవించుచున్నాము.

మేము నలుగురము బయలుదేరితిమి. అత్తగారికి అమరేశ్వరుని దర్శనము కావలెను. మావారికి ధరణికోట దిబ్బలు కావలెను. పదేండ్ల పిల్లకు దారిలో అమ్మెడు జామకాయలు కావలెను. దర్శనమైన పిమ్మట ధరణికోట చేరి, ఒక పొలముగట్టుమీద నిలిచితిమి. మావారు చేతికఱ్ఱతో నేలను జూపి, "పూర్వము ఓడలు వచ్చి ఆగెడి రేవు ఈ ప్రాంతముననే మంటిక్రింద నున్నది" అని చెప్పిరి. పిల్ల వెంటనే, "అయితే ఇదీ నేలకింద స్టేషనే గదా నాన్నా! మరి దిగడానికి మెట్లేవీ?" అని యడిగినది. గత వేసవిలో చెన్నపట్టణమున ఎగ్మూరులో భూమిక్రిందనున్న మెట్రో స్టేషనులో దిగినప్పటినుండి దానికి స్టేషనులన్నియు నేలక్రిందనే యున్నవి! మేము నవ్వితిమి గాని, ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

ఆ రేవు సంగతి లోకమునకు తెలిసి యెంతోకాలము కాలేదు. 1962లో పురావస్తుశాఖవారు ఇచ్చట త్రవ్వకములు మొదలిడి, కొన్నేండ్లు సాగించిరి. ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి గారలు ఆ పని నడపినవారు. ఆ త్రవ్వకములలో ఓడలు నడచుటకు దగిన కాలువయొకటి, దానినంటి కట్టిన రేవొకటి బయటపడెను. రేవును మొదట కొయ్యతో గట్టిరి. తరువాతివారు దానిని ఇటుకలతో గట్టిరి. కడపట కాలువ పూడిపోయెను. ఓడలు రావయ్యెను. క్రమముగా ఆ కట్టడమునంతను మన్ను కప్పెను.

కృష్ణ ప్రక్కనే యుండగా కాలువ యెందులకని మాకు సందేహము గలిగెను. శ్రావణ భాద్రపదములలో ఆ నది పొంగును చూచినవారికి సమాధానము తోచకపోదు. ప్రవాహమున కెదురుగా కట్టిన పడవ త్రాటికి నిలువదు. సరకు దింపవలెనన్న నిమ్మళమైన నీరుండవలెను. పడవయంచు ఒడ్డునకు ఆనుకొని నిలువవలెను. మూపున బరువుతో దిగువాని కాలు జాఱకుండవలెను. ఒడ్డు ఏటవాలుగా నున్నచో పని సాగదు. నిలువుగా నున్నచో మన్ను విఱిగిపడును. దానిని పట్టి నిలుపుటకే కొయ్యయు, పిదప ఇటుకయు వలసియుండును. ఎండకెండి వానకు తడియు కొయ్య త్వరగా పుచ్చునని మన దొడ్డిలోని పందిరిగుంజలే మనకు నేర్పును గదా!

ఇక్కడినుండి సముద్రము దగ్గఱ కాదు. అయినను ఆ కాలపు మనవారికి సముద్రము పరాయిది కాదు. సాతవాహన రాజుల నాణెములలో రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ గలవి దొరకినవి. రెండవ శతాబ్దమువాడైన టాలెమీ యను గ్రీకు పండితుడు మైసోలస్ అని వ్రాసిన నది మన కృష్ణయేయని పలువురు పండితుల మతము.

రేవుకు వచ్చిపోయిన జనుల పేళ్లు మనకు దెలియవు. కాని వారి కాలపువారి పేళ్లు కొన్ని అమరావతీ స్తూపపు రాళ్లమీద మిగిలినవి. ఒక రాతిపై విధికుడను చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుండ్రతో గూడి పూర్ణఘటపు పలకను దానమిచ్చెనని యున్నది. భిక్షుణులు, గృహిణులు తమ పేరనే యిచ్చిన దానములును పెక్కు గలవు. నేడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వ చిహ్నమున నున్న పూర్ణఘటము ఆ స్తూపశిల్పమునుండి వచ్చినదే.

ఈ రాళ్లను జూచుటకే గత వేసవిలో మేము చెన్నపట్టణము పోయితిమి. 1797 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిని కట్టించు దినములలో ఆ దిబ్బలోని యిటుకలు, రాళ్లు కొత్త కట్టడములకు పోవుచుండెను. కొన్ని చలువరాళ్లను సున్నమునకై కాల్చిరి. కర్నల్ మెకంజీ వచ్చి చూచి బొమ్మలు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లు చెన్నపట్టణము చేరెను. 1859లో వానిలో పెక్కింటిని ఓడమీద లండనుకు బంపిరి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. తరువాతి త్రవ్వకములలో దొరకినవానిలో పెక్కు ఎగ్మూరు మ్యూజియములో నున్నవి.

ఎగ్మూరు మెట్రో స్టేషను 2018వ సంవత్సరము మే 25వ తేదీన తెఱవబడినది. పైయంతస్తున టిక్కెట్లిచ్చుచోటు, క్రిందియంతస్తున రైలు నిలుచుచోటు. రైలుబాటకును మనుష్యులకును నడుమ అద్దపుగోడ గలదు. రైలు వచ్చి దాని తలుపులు అద్దపుగోడ తలుపులకు సరిగా ఎదురై నిలిచిన పిమ్మటనే రెండును దెఱచుకొనును. అత్తగారు చేయిపట్టుకొనువారు లేకయే దాటగలిగి, "నేల సమంగా ఉందే!" యని సంతోషించిరి. పడవనుండి ఒడ్డుకు, రైలునుండి స్టేషనుకు అడుగుపెట్టు ఆ జానెడుచోటు భద్రముగా నుండుటయే గదా యే రేవునకైనను ముఖ్యము!

ఇట్టి స్టేషనును గట్టువిధము చిత్రమైనది. మొదట ఇరుకైన లోతుగోతిని త్రవ్వుదురు. దాని యంచులు కూలకుండ బంకమన్ను కలిపిన చిక్కని నీటిని నింపియుంతురు. అందులో ఇనుపచట్రమును దింపి, అడుగునుండి కాంక్రీటు పోయగా బంకనీరు పైకి వచ్చును. దానిని తీసివేయుదురు. ఇట్లు నాలుగు ప్రక్కల గోడలు ముందు నిలిచిన పిదప లోపలి మంటిని త్రవ్వి తీయుదురు. ఇంటికి పునాది త్రవ్వి గోడ లేపుట మన మెఱిగినది. ఇక్కడ గోడయే ముందు, గోయి తరువాత! వాకిళ్లను వీథికంటె ఎత్తుగా నుంతురు. మన పెద్దలు వాననీరు రాకుండ ఇంటికి ఎత్తైన అరుగు గట్టించుట యీ బుద్ధిచేతనే. ఇంతచేసినను లోనికి ఊరిన నీటిని యంత్రములతో ఎప్పటికప్పుడు తోడిపోయుచునే యుండవలెను.

లండనులో మన రాళ్లున్న మ్యూజియముపేరనే భూమిక్రింద నొక స్టేషను ఉండెడిదని మావారు చదివి చెప్పగా విని ఆశ్చర్యపడితిమి. లోకమున మొదటి భూగర్భ రైలుదారి 1863వ సంవత్సరము జనవరి 10వ తేదీన ఆ నగరముననే తెఱవబడినది. అప్పుడు పొగబండ్లే నడచెడివి. 1900లో విద్యుచ్ఛక్తితో నడచు మఱియొక దారి లోతైన బంకమంటిలో గొట్టమువలె తొలువబడెను. ఆ దారిలోనిదే బ్రిటిష్ మ్యూజియము స్టేషను. తెల్లని పింగాణీ పలకల గోడలు, దిగుటకు లిఫ్టులు. ఆ దారిలో స్టేషనులను రైలుబాటకంటె కొంచెము మెట్టగా నిలిపిరి. వచ్చు రైలు మిట్ట నెక్కుటచే తానే నెమ్మదించును. పోవు రైలు పల్లమునకు దిగుటచే తానే వేగమందుకొనును.

అంత నేర్పుతో గట్టిన స్టేషను ముప్పదిమూడేండ్లే బ్రతికినది. 1906లో మఱియొక దారికి సమీపముననే హోబర్న్ స్టేషను ఏర్పడెను. ఒక దారినుండి మఱియొక దారికి మాఱవలసినవారు వీథికెక్కి నడువవలసి వచ్చెను. 1933లో రెండు దారులను హోబర్నుననే కలిపి, పాతదానిని మూసివేసిరి. రైళ్లు నేటికిని ఆ చోటిమీదుగనే ఆగక పోవుచున్నవి.

ధరణికోట గట్టుమీద నిలిచినప్పుడు ఈ మూడును మా మనస్సున నొక్కచోట జేరినవి. ధరణికోటలో నీరు తప్పుకొనినది. లండనులో బాటసారులు తప్పుకొనిరి. ఎగ్మూరు స్టేషను బ్రతికియున్న దన్నచో దినమున కిందఱు వచ్చిపోవుటచేతను, ఎవరో కనబడక నీరు తోడుచుండుటచేతను గదా! కట్టుట ఒకనాటి పని, కాపాడుట నిత్యకృత్యము. వంటయింటి తూమును నాలుగుదినములు మఱచినచో ఏమగునో యెఱిగిన మనకు, ఒక మహానగరపు కాలువ ఎట్లు పూడినదో వేఱుగ జెప్పనక్కఱలేదు. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఇచ్చటికి వచ్చునప్పటికే విహారములు పెక్కు పాడువడియుండెనట.

ప్రొద్దు వాలుచుండగా దాహమై ఒక యింటి వాకిట ఆగితిమి. మిరపకాయలు ఎండబోసుకొనుచున్న ముసలమ్మ మంచినీళ్లిచ్చినది. ఆమె నీళ్లకుండ క్రింద నేటి యిటుకకు రెండింతలకు మించిన ఇటుక యొకటి యున్నది. అడుగగా, "మా నాయన నాగలికి తగిలిందమ్మా. పగలగొట్టి గోడలో పెడదామన్నాడు. మా అమ్మ పడనియ్యలేదు. ఎవరు చేసిన ఇటికో, ఎందుకు పగలగొట్టాలి అంది" అని చెప్పినది. చదువు సంధ్యలు లేని ఆ తల్లి ఒకమాటతో ఆ యిటుకను నిలిపినది. చదివినవారు అనేకులుండగా అంతకు పూర్వము ఎన్ని చలువరాళ్లు సున్నమైపోయెనో తలచుకొని మాకు సిగ్గు గలిగెను. దానిని అమరావతిలోని పురావస్తుశాఖవారి మ్యూజియమున జూపింపుమని మావారు చెప్పగా ఆమె, "కుండకింద ఇంకోటి పెట్టుకుంటాలే బాబూ" అని తల యూచినది.

సోదరీమణులారా, ఈమాఱు అమరావతికి బోయినప్పుడు ఇంకను కొంచెము నడచి ధరణికోట దిబ్బలను జూచి రండు. పిల్లలను వెంట దీసికొనిపొండు. మీ పొలమున, మీ పునాదిలో పాత యిటుకగాని చెక్కిన రాయిగాని బయటపడినచో పగులనీయకుడు, తెలిసినవారికి దెలుపుడు. ఇంటిలో ఏది పాఱవేయవలెనో, ఏది దాచవలెనో నిర్ణయించునది మనమే. తిరుగుప్రయాణమున బస్సులో పిల్ల మా యొడిలో నిద్రపోవుచు, "మెట్లు మనమే తవ్వొచ్చా అమ్మా?" అని యడిగినది. పెద్దదానవై చదువుకొని త్రవ్వవచ్చుననియు, మెల్లగా, ఇటుక పగులకుండ త్రవ్వవలెననియు జెప్పితిమి.