నీలగిరి తైలం

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. ఆ పడిశం పట్టినప్పుడు తెలుగువారి ఇళ్లలో చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది నీలగిరి తైలం. మరిగిన నీటిలో రెండు చుక్కలు వేసి, దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టడం, కొబ్బరినూనెలో కలిపి ఛాతికి రాసి వెచ్చదనం కలిగించడం, చేతిరుమాలుపై చుక్క వేసుకొని వాసన పీల్చడం మనకు పరిచితమైన ఆచారాలే.

ఈ పేరును పరిశీలిస్తే ఒక విశేషం గోచరిస్తుంది. తిలల నుండి, అనగా నువ్వుల నుండి తీసినది కాబట్టి తైలం అన్నారు. నీలగిరి తైలంలో నువ్వుల ప్రసక్తి లేదు. యూకలిప్టస్ ఆకులను ఆవిరితో స్వేదనం చేసి దీనిని తీస్తారు. ఆ చెట్టు జన్మస్థానం ఆస్ట్రేలియా. వంటచెరకు కోసం ఆంగ్లేయులు 1843 ప్రాంతంలో దానిని నీలగిరులలో నాటారు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే మాట తత్సమం, చెట్టు అన్యదేశ్యం! ప్రాచీనమని మనం తలచే సంప్రదాయాలలో ఇలా నడుమ వచ్చి చేరినవి ఎన్నో ఉంటాయి. అంతమాత్రాన వాటి విలువ తగ్గదు. అయితే పాతదన్న గౌరవంతో దేనినీ విచారించకుండా స్వీకరించడమూ తగదు. ఈ సత్యం మా ఇంట్లోనే అనుభవానికి వచ్చింది.

మా మనుమడికి ఎనిమిదో నెలలో జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి పసివాడు రాత్రంతా గుక్కపట్టి ఏడుస్తుంటే, 80 ఏళ్ల మా అమ్మ తైలపు సీసా అందుకొంది.

"వద్దు మామ్మగారూ!" అని మా కోడలు అడ్డుపడింది.

"ఇంతమందిని ఈ చేతులతోనే పెంచాను కదమ్మా!" అన్న అమ్మ గొంతులో కోపం కంటె బాధే ఎక్కువగా వినిపించింది.

తెల్లవారిన తరువాత వైద్యుడు వివరించారు. ఈ తైలం జలుబును కలిగించే వైరస్‌ను చంపదు. దీనిలోని సినియోల్ అనే పదార్థం ముక్కులోని నాడులను తాకి, గాలి సులువుగా ఆడుతున్నట్లు తోపింపజేస్తుంది. పెద్దలకు ఆ ఉపశమనం చాలు. జలుబు వారం పది రోజులలో దానంతటదే తగ్గుతుంది. పసివారికి మాత్రం ఆ ఘాటు ఊపిరికే అడ్డు కాగలదు. కొద్దిగా మింగినా మూర్ఛ రావచ్చు.

అమ్మ అంతా శ్రద్ధగా విన్నది. సీసా మూత బిగించి పై అరలో పెట్టింది. వైద్యుడు ఇచ్చిన ఉప్పునీటి చుక్కలు ముక్కులో ఎలా వేయాలో కోడలిని అడిగి నేర్చుకొంది. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్న వివేకం తోడైనప్పుడే ఇంటివైద్యం మేలు చేస్తుందని ఆనాడు ఆమె మాకు మాటలతో పనిలేకుండా బోధించింది.

నాకు పడిశం పట్టినప్పుడు మాత్రం ఆ సీసా నేటికీ పై అర నుండి కిందికి దిగుతూనే ఉన్నది.