మొండిచెయ్యి

ప్రతి ఏడూ ఫిబ్రవరి రెండో తారీఖున పేపరు చూస్తే నాకు నవ్వొస్తుంది. ముందురోజే కేంద్ర బడ్జెట్ వచ్చి ఉంటుంది. రాష్ట్రానికి మొండిచెయ్యి, రైల్వే జోనుకి మొండిచెయ్యి, ప్రాజెక్టులకి మొండిచెయ్యి. పేపరు నేలమీద పరిచి, గాలికి లేవకుండా కాలి బొటనవేలితో అంచు తొక్కిపట్టి, ఆ వార్తలన్నీ చదువుతాను. నాది అసలు సిసలు మొండిచెయ్యి. కుడివైపు, మోచేతికి నాలుగువేళ్ళ పైన ఆగిపోతుంది. దాన్ని చూపించి నేను ఇంతవరకు ఎవర్నీ ఉత్తచేతులతో పంపలేదు. పైగా పాలపాకెట్టయినా ఆఫీసు ఫైలయినా చంకలో అదిమిపట్టి మోసేది అదే.

ఎలా పోయిందని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. మాది అనకాపల్లి దగ్గర బెల్లం వండే ఊరు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, సంక్రాంతికి ముందు, నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళి, ఊరికే నిలబడలేక గానుగలో చెరకు పెట్టాను. ఇంజను గానుగ. చెరకుతోపాటు వేళ్ళూ వెళ్ళాయి. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పే ఓపిక నాకు లేదు. ఆ తర్వాత తెల్లారిన పదివేల పొద్దుల గురించయితే బోలెడుంది.

మొదటి ఏడాదిలోనే నాకు ఒకటి తెలిసొచ్చింది. పని చేసేది ఎప్పుడూ ఒక చెయ్యే. రెండోది పట్టుకుంటుంది. రాసేటప్పుడు కాగితాన్ని, తోమేటప్పుడు గిన్నెని, మూత తీసేటప్పుడు సీసాని. రెండు చేతులున్నన్నాళ్ళూ ఆ రెండోది ఏదో పని చేస్తోందని కూడా తోచదు. నాకు కావలసింది పట్టుకునేవాళ్ళు. వెతుక్కుంటే దొరికారు: పళ్ళు, గడ్డం, మోకాళ్ళు, తలుపు సందు, గిన్నె జారకుండా కింద వేసే తడిగుడ్డ, ఆఫీసు బల్లమీద పేపర్‌వెయిట్.

చీర ఎలా కట్టుకుంటావని ఆడవాళ్ళే అడుగుతారు, అదీ గొంతు తగ్గించి. చీరతో పెద్ద పేచీ లేదు. జాకెట్టే చంపుతుంది. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసినావిడ ఒక సూత్రం చెప్పింది: తొడుక్కునేటప్పుడు లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు లేని చెయ్యి చివర. అది ఒంటబట్టడానికి నెల పట్టింది. ఆ తర్వాత హుక్కులు. ఒక అంచు బిగించి పట్టుకోవాలి, రెండో అంచు లాక్కొచ్చి తగిలించాలి. గడ్డంతో నొక్కి చూశాను, మెడ పట్టేసింది. తలుపు గడియకి ఒక అంచు తగిలించి వెనక్కి వాలి చూశాను, జాకెట్టు చిరిగింది. ఆఖరికి కుదిరిన ఉపాయం ఇది. జాకెట్టు మూడంగుళాలు పొడుగు కుట్టించుకోవాలి. ముందు లంగా వేసుకుని, జాకెట్టు కుడి ముందుభాగం కొసని లంగా నడుంలోకి లోతుగా దోపాలి. ఇప్పుడు ఆ వైపుని నడుము పట్టుకుంటుంది. ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాక్కుని, ఎడంచేత్తో రెండో అంచు తెచ్చి కింది హుక్కు పెట్టాలి. అది పడితే మిగతావి దాని వెనకే నడుస్తాయి.

లంగాకి బొందు లేదు. ఎలాస్టిక్కూ, దానిమీద ప్యాంట్లకుండే కొక్కెమూ పెట్టించాను. మా టైలరు మొదటిసారి కొలత తీసుకుంటూ, "కుడిచెయ్యి ఎంత పొడుగు పెట్టాలమ్మా?" అని టేపుకేసి చూస్తూ అడిగాడు. ఉన్నంత పెట్టమన్నాను. కుట్టుకూలిలో సగం చెయ్యి తగ్గించుకోమని సరదాకి అన్నాను కూడా. ఆయన నవ్వలేదు. వారం తర్వాత జాకెట్టు ఇస్తూ నిజంగానే పది రూపాయలు తగ్గించాడు. ఆ పది రూపాయలు ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీలేదు.

కుచ్చిళ్ళు ఆదివారమే అయిపోతాయి. మంచం మీద చీర పరిచి, మడత మీద మడత వేసి, బట్టల క్లిప్పులు పెట్టి, ఇస్త్రీ చేసి, ఐదు చీరలు హ్యాంగర్లకి తగిలిస్తాను. పొద్దున్న దోపుకోవడమే. ఈమధ్య బ్యూటీ పార్లర్లలో ఇదే పని డబ్బు పుచ్చుకుని చేస్తున్నారు, పెళ్ళిళ్ళ సీజన్లో వరసలు కడుతున్నారు. ఇరవయ్యేళ్ళ కిందటే మొదలుపెట్టినదాన్ని నేను! ఇక పవిట పిన్ను. ఎడమ భుజం మీద పిన్ను ఎడంచేత్తోనే పెట్టుకోవడం ఎంత సుఖమో, కావాలంటే ఇప్పుడే ఓసారి ప్రయత్నించి చూడండి. అందుకే జాకెట్టు భుజం మీద ఒక టిచ్ బటన్, చీరకి దాని జోడీ. నొక్కితే సరి. మధ్యలో వెల్క్రో పట్టీ కూడా వాడాను. స్విట్జర్లాండులో ఒకాయన తన కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్ళకాయలు చూసి 1940లలో దాన్ని ఊహించాడట. మా గట్ల మీద ఉత్తరేణి గింజలు ఎన్ని తరాలుగా చీర అంచులకి అంటుకుంటున్నా, దులుపుకోవడం తప్ప మాకేమీ తట్టలేదు. అయితే మీటింగు మధ్యలో పవిట సర్దుకుంటే బర్రుమని చప్పుడవుతుంది, అందరి తలలూ ఇటు తిరుగుతాయి. అందుకని మానేశాను. మొదటిరోజు గంటన్నర పట్టిన ముస్తాబు ఇప్పుడు పద్నాలుగు నిమిషాలు.

ఆ పద్నాలుగు నిమిషాల్లో ఒక్కోసారి లేని అరచెయ్యి దురద పెడుతుంది. వేళ్ళు ముడుచుకుపోయి గోళ్ళు గుచ్చుకున్నట్టుంటుంది. వెర్రి కాదు, డాక్టర్లకి తెలిసినదే. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త 1990లలో దీనికి అద్దం వైద్యం చూపించాడు. ఉన్న చేతి ప్రతిబింబం, లేని చెయ్యి ఉండాల్సిన చోట కనపడేలా అద్దం పెడతారు. ఉన్న పిడికిలి విప్పితే, లేనిది కూడా విప్పుకున్నట్టు మెదడు నమ్ముతుంది. నేను బీరువా తలుపు అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి విప్పుతాను. కొన్నిసార్లు నమ్ముతుంది, కొన్నిసార్లు నమ్మదు.

పోయిన చెయ్యి ఇంతకుమించి ఏమీ అడగదు. బాధలన్నీ ఉన్న చేతితోనే. దాని వీపు అది రుద్దుకోలేదు, దాని గోళ్ళు అది కత్తిరించుకోలేదు, దానికి అది గాజులు తొడుక్కోలేదు. స్నానాలగదిలో గోడకి మేకు కొట్టి, ఎండిన బీరపీచు కట్టాను. సబ్బు పూసి ఆ చేతిని దానికేసి రుద్దుకోవడమే, గేదె చెట్టుకి రుద్దుకున్నట్టు. గోళ్ళకి, చెక్కముక్క మీద గరుకు కాగితం అంటించి, దాన్ని మోకాలికింద పెట్టి అరగదీస్తాను. ఆషాఢంలో గోరింటాకు మాత్రం ఇంకొకళ్ళు పెట్టాల్సిందే. పెట్టాక నేను పూర్తిగా చేతుల్లేని మనిషిని. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ రాత్రి ముద్దలు కలిపి పెట్టేది, దోమ వాలితే తోలేది, ముక్కు దురదంటే గోకేది. జడ కూడా అమ్మే వేసేది. కీళ్ళనొప్పులతో తన వేళ్ళు వంగడం మానేశాక ఒక పొద్దున్న, "ఇంక నా వల్ల కాదే అమ్మడూ, కత్తిరించేసుకో, ఏడవకు" అంది. కత్తిరించుకున్నాను. ఏడ్చింది తను. ఇప్పుడు గోరింటాకు మా మేనకోడలు పెడుతుంది. ఫోను మోగితే తనే ఎత్తి నా చెవి దగ్గర పెట్టి, అవతలివాళ్ళ మాటలన్నీ వింటుంది.

వంటింట్లోకి వస్తే, చాకు అంత పనికిమాలిన వస్తువు ఇంకోటి లేదు. దోసకాయ ఒక చెయ్యి పట్టుకోవాలి, చాకు ఇంకో చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోకపోతే దోసకాయ గదంతా దొర్లుతుంది. కూర కదలకుండా మేకులు దిగ్గొట్టిన పలకలు విదేశాల్లో దొరుకుతాయని ఎవరో చెప్పారు. నాకు అక్కర్లేకపోయింది. మా నాయనమ్మ కత్తిపీట ఉంది. చింతచెక్క పీట, కమ్మరి కొట్టిన కత్తి, కొస కాస్త ముందుకి వంగి ఉంటుంది. కాలు మడిచి పీట మీద పాదం మోపితే అది భూమికి అతుక్కుపోతుంది. కత్తి కదలదు. కూరే కత్తి దగ్గరికి వెళుతుంది. దానికి ఒక్క చెయ్యి చాలు. రెండు చేతులతో తరిగేవాళ్ళ వేగం రాదనుకోండి. గుమ్మడికాయ పగలగొట్టడం నా వల్ల కాదు, కొట్టువాడి చేతే ముక్కలు చేయించుకుంటాను. కానీ బెండకాయ, వంకాయ, అరటికాయ, ఆఖరికి గోంగూర కట్ట కూడా పీటమీద కూర్చుని తెగ్గొట్టేస్తాను. వంట నిలబడి చెయ్యాలని గట్లు కట్టినప్పుడు కత్తిపీటల్ని అటకెక్కించారు. నడుం నొప్పులు తగ్గాయంటారు, నిజమే కావచ్చు. నా మటుకు నాకు రెండో చెయ్యి అటకెక్కినట్టయింది.

భోజనం దగ్గర మాత్రం మన పద్ధతి నన్ను కాపాడింది. నెల్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ సేనాని 1797లో తెనెరీఫ్ దగ్గర యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. పాపం ఆయనకి అన్నం తినడానికి కత్తీ ఫోర్కూ ఒకటిగా కలిసిన ప్రత్యేకమైన పరికరం కావలసి వచ్చింది. పప్పన్నం కలుపుకోవడం తెలిసుంటే ఆ బాధ ఉండేది కాదు. నాకున్న చిక్కు వేరు, అది ఎంగిలి. తింటున్న చేత్తో గరిట ముట్టుకోకూడదు. రెండోసారి చారు కావాలంటే లేచి చెయ్యి కడుక్కుని, వడ్డించుకుని, మళ్ళీ కూర్చోవాలి. అందుకే మొదటే అన్నీ విస్తరి నిండా పెట్టేసుకుంటాను. తెలియనివాళ్ళు నా తిండి చూసి జడుసుకుంటారు.

పైగా ఆ ఉన్నది ఎడంచెయ్యి. ఎడంచేత్తో డబ్బివ్వకూడదు, ఎడంచేత్తో బొట్టు పెట్టకూడదు, ఎడంచేత్తో అన్నం తింటే పక్కవాళ్ళకి సయించదు. చిన్నప్పుడు ఆ మాటలన్నీ నేనూ అన్నదాన్నే. గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపితే పూజారిగారి ఉద్ధరిణె ఒక్క క్షణం గాల్లో ఆగేది. పేరంటాల్లో తాంబూలం ఎక్కడ పెట్టాలో తెలీక ఒడిలో పడేసేవాళ్ళు. రైతుబజారులో మాత్రం తేలిగ్గా తేలిపోయింది. పొద్దున్నే వెళ్ళాను, ఆనపకాయల ముసలమ్మకి నాదే బోణీ. ఎడంచేత్తో నోటు చాపి, ఆవిడ ముఖం చూసి, వెనక్కి తీసుకోబోయాను. "ఉన్నదే కుడిసెయ్యి గదా తల్లీ, ఇలగియ్యి" అని లాక్కుని, కళ్ళకద్దుకుని, సంచి కింద దోపేసుకుంది. ఆ తర్వాత చిల్లర ఇవ్వడం మర్చిపోయింది, అది వేరే సంగతి.

నాకో కృత్రిమ హస్తం కూడా ఉంది, బీరువాలో. నా రంగుకి రెండు ఛాయలు తెలుపు, ముంజేతిదాకా రబ్బరు తొడుగు, భుజాలకి పట్టీలు. ఎండాకాలం లోపల చెమట కారుతుంది. 1968లో తయారైన జైపూరు కాలు పెట్టుకుని మనవాళ్ళు పొలాలు దున్నుతున్నారు, చెట్లెక్కుతున్నారు. చేతికి అలాంటిది ఎందుకు రాలేదని చాలా ఏళ్ళు ఉక్రోషంగా ఉండేది. తర్వాత అర్థమైంది. కాలు బరువు మొయ్యాలి, అడుగెయ్యాలి. చెయ్యి సూదిలో దారం ఎక్కించాలి, పెరుగు చిలకాలి, పిల్లవాడి నుదురు ముట్టుకుని జ్వరం ఉందో లేదో చెప్పాలి. మోటార్లూ బ్యాటరీలూ పెట్టిన చేతులు వచ్చాయి గానీ వాటి ఖరీదుకి మా ఊళ్ళో పొలం వస్తుంది. నాదాన్ని పెళ్ళి ఫొటోలకి మాత్రం పెట్టుకునేదాన్ని. ఈమధ్య అదీ లేదు.

నా సర్టిఫికెట్ మీద 80 శాతం అని ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తిస్తుంది, 40 శాతమో అంతకు పైనో ఉంటే రిజర్వేషన్లవంటివి వర్తిస్తాయి. ఆ సర్టిఫికెట్ పుణ్యమానే ఈ గుమాస్తా ఉద్యోగమూ జీతమూ నడుస్తున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక నాకు పెద్ద బరువు దిగింది. కదిలే బస్సులో రాడ్డు వదిలేసి పర్సు తియ్యక్కర్లేదు. ఆధార్ చూపించాలి కదా అంటే, దాన్ని మెళ్ళో వేలాడేసుకుంటాను. కండక్టరు వంగి చదువుకుని, సున్నా టికెట్టు నా సంచిలో పడేస్తాడు.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా నాయనమ్మ కత్తిపీటతోనే. పీట దగ్గర కత్తి వదులైంది, కూర నొక్కితే ఊగుతోంది. ఊళ్ళో కొలిమి మూసేసి చాలా కాలమైంది. స్టీలు సామాన్ల షాపుల్లో అమ్మేవి మడతపెట్టే రేకుపీటలు, పాదం మోపితే జారిపోతాయి. మీ అటక మీద బరువైన చెక్కపీటా, కమ్మరి కొట్టిన కత్తీ ఉన్న పాతది ఉంటే, పాతసామాన్లవాడికి వేసేముందు నాకొక్క మాట చెప్పండి.